క్రిస్మస్ తాత నిజంగా ఉన్నాడా అని పిల్లలు అడిగిన రోజు ఏం చెప్పాలి

మా పెద్దది ఎనిమిదేళ్లప్పుడు అడిగింది. కాజీపేటలో డిసెంబర్ రెండో వారం, క్యారల్స్ వాళ్లు రాత్రి పదకొండు దాటాక మా ఇంటికి వచ్చి, రెండు పాటలు పాడి, చాయ్ తాగి, తాత వేషం వేసిన అబ్బాయి పిల్లల చేతుల్లో చాక్లెట్లు పెట్టి వెళ్లిపోయాక, నేను గ్లాసులు కడుగుతుంటే వెనక వచ్చి నిలబడింది. "మమ్మీ, క్రిస్మస్ తాత నిజంగ ఉన్నడా? ఆ తాత చెప్పులు మన వెనక గల్లీల అన్న చెప్పులే. నీలం దారంతోటి కుట్టిచ్చినయి" అంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏం మాటలవి, తాత లేకపోతే గిఫ్టులు ఎవరు తెస్తరు, పో, పండుకో" అన్నాను.

వారం తిరగకముందే స్కూల్ నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. క్లాసులో ఒక పిల్ల తాత లేడు గీత లేడు అంటే మా పెద్దది ఒప్పుకోలేదట, మా మమ్మీ చెప్పింది, మా మమ్మీ అబద్ధం చెప్పదు అని గట్టిగా వాదించిందట, అందరూ నవ్వారట. ఇంటికొచ్చాక నన్ను తాత గురించి అడగలేదు. "నేను నిన్ను అడిగిన గదా మమ్మీ, నాకెందుకు చెప్పలే" అంది. తాత లేడన్న బాధ ఆ పూటతోనే పోయింది. నేను చెప్పలేదన్న బాధ పోవడానికి సంక్రాంతి దాటింది. తర్వాత ఏ చిన్న మాట చెప్పినా "నిజంగనా?" అని నా ముఖం వైపు చూసేది, ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ఇది రాస్తున్నాను. మా చర్చిలో పదేళ్లుగా సండే స్కూల్‌లో చిన్నపిల్లల క్లాసు నేనే చూస్తున్నాను, ప్రతి డిసెంబర్‌లో ఇద్దరు ముగ్గురు తల్లులు ఇదే టెన్షన్‌తో వచ్చి అడుగుతారు. ఈ మధ్య క్రైస్తవులు కానివాళ్లు కూడా అడుగుతున్నారు, ఎందుకంటే ఇప్పుడు చాలా ఇంగ్లిష్ మీడియం స్కూళ్లలో క్రిస్మస్ సెలవులకు ముందు తాత వేషం వేయిస్తున్నారు, పిల్లలు ఇంటికొచ్చి సాక్సులు వేలాడదీస్తున్నారు.

ఎప్పుడు అడుగుతారు

ఎక్కువమంది ఏడు, ఎనిమిదేళ్ల మధ్య అడుగుతారు. పిల్లల ఆలోచన గురించి జీవితమంతా పని చేసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే కూడా, దాదాపు ఏడేళ్ల నుంచి పిల్లలు కంటి ముందున్న విషయాలను తర్కంతో సరిచూసుకోవడం మొదలుపెడతారని చెప్పాడు. ఇంట్లో అది ప్రశ్నలు మారడంలో తెలుస్తుంది. మొదట్లో అడిగేవి తాత గురించి: తాతకు ఏం ఇష్టం, ఆయన జింకలు ఏం తింటాయి, ఆయనకు తెలుగు వచ్చా. తర్వాత అడిగేవి తాత పని గురించి: ఒక్క రాత్రిలో ఇన్ని ఇళ్లకు ఎట్లా పోతాడు, మన గేటుకు తాళం వేసి ఉంటుంది కదా, మన స్లాబు ఇంటికి పొగగొట్టం ఎక్కడుంది. ఈ రెండో రకం ప్రశ్నలు మొదలయ్యాయంటే మీకు మహా అయితే ఒక సంవత్సరం టైమ్ ఉంది, ఈలోపు మీరిద్దరూ ఏం చెప్పాలో మాట్లాడి పెట్టుకోండి.

కొందరు అసలు అడగరు. వీళ్లను కొంచెం గమనించాలి. తెలిసిపోయిందని చెబితే గిఫ్ట్ ఆగిపోతుందేమోనని భయపడేవాళ్లు ఉంటారు, అమ్మ ఇంత సంబరంగా చేస్తోంది, పాపం ఎందుకు చెప్పడం అని మన కోసం నటించేవాళ్లూ ఉంటారు. బొమ్మ కింద హన్మకొండ చౌరస్తా షాపు ధర స్టిక్కర్ చూసి, మెల్లగా గోటితో గీకేసి, ఏమీ అనకుండా ఆడుకున్న పిల్లాడిని నేనెరుగుదును.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. 1994లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, తాత లేడని అప్పటికే తెలుసుకున్న 52 మంది పిల్లలతో మాట్లాడారు, వాళ్ల తల్లిదండ్రులనూ అడిగారు. పిల్లలు మామూలుగా ఏడేళ్లకు తమంతట తామే కనిపెట్టారు, ఎక్కువగా మంచిగానే తీసుకున్నారు. దిగులుపడ్డది తల్లిదండ్రులు. నేను చూసినంతలో మన దగ్గరా అంతే. కాబట్టి పిల్ల తట్టుకోలేదని మనం చెప్పకుండా ఆపుతున్నప్పుడు, తట్టుకోలేనిది ఎవరో ఒకసారి ఆలోచించుకోవాలి.

అడిగిన వెంటనే జవాబు చెప్పకండి, తిరిగి అడగండి

"నీకేమనిపిస్తుంది?" అని అడగండి, అడిగాక నోరు మూసుకుని ఆగండి. ఆ ఆగడమే కష్టం. పిల్ల "నాకైతే ఉన్నడనే అనిపిస్తది" అని వెళ్లిపోతే, ఆ పిల్ల ఇంకా వినడానికి సిద్ధంగా లేదు, మీరు వెనకబడి చెప్పనక్కర్లేదు. అట్లా కాకుండా ఒక్కొక్కటి లెక్కపెట్టి చెప్పడం మొదలుపెడితే, ఆ పిల్లకు అప్పటికే తెలుసు, మీరు నిజం చెబుతారా లేదా అన్నదే అది చూస్తోంది.

మా చిన్నోడు పోయిన డిసెంబర్‌లో, ఏడేళ్లకు, స్కూటీ మీద అడిగాడు. పిల్లలు పెద్ద పెద్ద విషయాలు బండి మీద అడుగుతారు, ముఖం ముఖం కనపడదు కదా, వాళ్లకు ధైర్యంగా ఉంటుంది. కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే వెనక నుంచి "మమ్మీ, క్రిస్మస్ తాత నువ్వే గదా" అన్నాడు. "ఎందుకట్ల అనిపించింది బిడ్డా?" అన్నాను. "గిఫ్ట్ చుట్టిన కాగితం నా బర్త్‌డేకు తెచ్చిన రోల్‌దే. ఇంకా, తాతకు రాయరాదు, అన్ని వంకర అక్షరాలు. అక్క ఎడమ చేత్తోని రాస్తే గట్లనే వస్తయి" అన్నాడు. బ్రిడ్జి దిగాక బండి పక్కకు ఆపి, దిగి, వాడి ముఖం చూసి చెప్పాను. "అవును. పెట్టేది నేను, డాడీ. ట్యాగ్ రాసేది అక్క." వాడు రెండు నిమిషాలు ఏమీ అనలేదు. తర్వాత "మరి ఈసారి సైకిల్ బెల్లు మీరే కొంటరా?" అన్నాడు. అంతే.

రెండోసారి అడిగినా, "నిజం చెప్పు" అన్న మాట వాడినా, ఇక తిప్పి అడగడం వద్దు. ఆ నిమిషమే చెప్పేయండి. పండగ అయ్యాక చెప్తానంటే, ఆ పది రోజులు పిల్లకు మీ మీద అనుమానంతోనే గడుస్తాయి. 1897లో న్యూయార్క్‌లో ఎనిమిదేళ్ల పాప ఒకతె ఇదే ప్రశ్న పత్రికకు రాసింది, నిజం చెప్పండి అనే అడిగింది. న్యూయార్క్ సన్ పత్రిక ఉన్నాడు అనే జవాబిచ్చింది, ప్రేమ, ఉదారత ఉన్నంత నిజంగా ఆయనా ఉన్నాడని సంపాదకీయం రాసింది. పెద్దవాళ్లకు అది ఎంతో బాగుంటుంది, పత్రిక రాయవచ్చు. తల్లి మాత్రం అట్లా మాట తిప్పకూడదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఆ పిల్ల రేపు క్లాసులో తన మాటకు సాక్ష్యంగా పత్రికను కాదు, మన పేరును చెబుతుంది.

చెప్పే మాటలు

చిన్నగా, సూటిగా ఉండాలి. చేతిలో పని ఉన్నప్పుడు చెబితే ఇంకా తేలిక, మురుకులు వత్తుతూనో, స్టార్‌కు లైటు బిగిస్తూనో. తమ్ముళ్లు, చెల్లెళ్లు పక్కన ఉండకూడదు. క్రిస్మస్ ముందురోజు రాత్రి అసలు వద్దు.

"రాత్రి గిఫ్ట్ పెట్టేది మేమే. నువ్వు చిన్నగా ఉన్నప్పటి నుంచి పెడుతున్నాం. నువ్వు పొద్దున్నే లేచి చూసుకుని సంబరపడితే మాకు చాలా ఇష్టం, అందుకే చేశాం." ఈ మూడు వాక్యాలు చాలు. దాని తర్వాత పిల్ల అడిగినవాటికి మాత్రమే జవాబు చెప్పండి. చాలామంది అడిగేది ఒక్కటే, "మరి ఇప్పుడు గిఫ్ట్ ఉంటదా, ఉండదా?" ఉంటుందని చెప్పండి, చెప్పినట్టే పెట్టండి. "నువ్వు పెద్దగైనవ్, ఇంక నీకేం గిఫ్టులు" అన్న మాట హాస్యానికి కూడా వద్దు. నిజం చెప్పినందుకు శిక్ష పడినట్టు ఉంటుంది.

తర్వాత సెయింట్ నికొలస్ కథ చెప్పండి, మన పిల్లలకు అది బాగా ఎక్కుతుంది. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊరికి ఆయన బిషప్. ఒక పేద తండ్రికి ముగ్గురు ఆడపిల్లలు, కట్నం ఇచ్చుకోలేక పెళ్లిళ్లు ఆగిపోయాయి, నికొలస్ ఎవరికీ తెలియకుండా రాత్రిపూట వాళ్ల కిటికీలోంచి బంగారం మూటలు వేసి వెళ్లాడని చెప్పుకుంటారు. కట్నం అంటే ఏంటో మన పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు, పెద్దవాళ్ల మాటల్లో రోజూ వింటూనే ఉంటారు. ఆయన పండగ డిసెంబర్ 6. డచ్చి వాళ్లు ఆయనను సింటర్‌క్లాస్ అన్నారు, ఆ పేరే అమెరికాలో సాంటా క్లాజ్ అయింది. లావుగా, నవ్వుతూ ఉండే తాత బొమ్మను 1863 నుంచి థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు పత్రికల్లో వేస్తూ వచ్చాడు, 1931 నుంచి కోకాకోలా ప్రకటనలు ఆ ఎర్రకోటు తాతను దేశదేశాలకూ పరిచయం చేశాయి. కొంచెం పెద్ద పిల్లలైతే ఈ చివరి భాగం నోరు తెరుచుకుని వింటారు.

కానీ ఒక జాగ్రత్త. ఈ కథను "చూశావా, తాత నిజంగానే ఉన్నాడు" అని తప్పించుకోవడానికి వాడకండి. ముందు పెట్టేది మేమే అని ఒప్పుకోవాలి, ఆ తర్వాతే నికొలస్.

చెప్పేటప్పుడు నవ్వకండి. "ఇన్ని రోజులు నమ్మినవా?" అనకండి. పిల్ల ముఖం ఎట్లా మారుతుందో ఫోన్‌లో వీడియో తీసి స్టేటస్ పెట్టుకునేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. పిల్ల వింటుండగా చిన్నమ్మకు ఫోన్ చేసి ముచ్చటగా చెప్పడం కూడా వద్దు.

"మరి యేసయ్య?"

క్రైస్తవుల ఇళ్లలో ఈ ప్రశ్న వస్తుంది. అదే రోజు రాకపోతే నెలలోపు వస్తుంది. మా పెద్దది ఫాతిమా నగర్ చర్చి దగ్గర యేసయ్య పుట్టిన పశువుల పాక బొమ్మలు చూడ్డానికి వెళ్లినప్పుడు అడిగింది, అంతమంది జనంలో. భయపడి "అట్ల అనొద్దు, పాపం" అని నోరు మూయిస్తే, ఆ ప్రశ్న లోపలే ఉండిపోయి పెద్దదవుతుంది.

నేను చెప్పింది ఇది. "తాత సంగతిలో మేం ఆట ఆడాం. మాకు ముందే తెలుసు. యేసయ్య సంగతిలో నేను నీతో ఆట ఆడటం లేదు. నువ్వు నిద్రపోతున్నప్పుడు కూడా నేను ప్రార్థన చేస్తాను, నువ్వు చూడనప్పుడు కూడా నమ్ముతాను." పిల్లలకు ఈ తేడా తెలుస్తుంది, తెల్లవారుజామున నీళ్లకు లేచినప్పుడు మనం మోకాళ్ల మీద ఉండటం వాళ్లు చూసే ఉంటారు.

మా పక్కింటి అక్క వాళ్లది హిందూ కుటుంబం. వాళ్ల బాబు స్కూల్లో తాత సంగతి తెలిసి వచ్చి, "మరి మేడారం సమ్మక్క సారలమ్మలు?" అని అడిగాడట. ఆమె చెప్పిన జవాబు నాకు చాలా నచ్చింది. "రెండేండ్లకోసారి నిలువెత్తు బంగారం ఎత్తుకొని అంత జనంల మేడారం పోయేది నీకు చూపిచ్చుటందుకా? మా మొక్కు మాది, నువ్వు పుట్టకముందు సుత పోయినం." మన ప్రాంతం కానివాళ్లకు చెప్పాలంటే, ఆ బంగారం అంటే బెల్లం, మనిషి బరువంత తూచి అమ్మవార్లకు ఇస్తారు. ఎవరి నమ్మకం ఏదైనా, మనం నమ్మేదానికీ పిల్లల కోసం ఆడేదానికీ తేడా మనకు స్పష్టంగా ఉంటే పిల్లలకూ ఉంటుంది.

తాతను పోలీసును చేయకండి

ఇది పిల్లలు అడగడానికి రెండు మూడేళ్ల ముందు నుంచే చూసుకోవాల్సిన పని. మన ఇళ్లలో తాతను కూడా బూచోడి లెక్కనే వాడేస్తాం. అన్నం తినకపోతే తాత రాడు, హోంవర్క్ చేయకపోతే తాత పేరు కొట్టేస్తాడు. నిజం తెలిసిన రోజు పిల్లకు ఆ బెదిరింపులన్నీ గుర్తొస్తాయి.

దీనికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. మా సండే స్కూల్‌లో ఒక ఏడాది ఒక పిల్లాడికి తాత సైకిల్ తెచ్చాడు, ఇంకో పిల్లాడికి ప్లాస్టిక్ కారు తెచ్చాడు. రెండో పిల్లాడి నాన్న ఆటో నడుపుతాడు, ఆ ఏడాది ఆయనకు చేతకాలేదు. ఆ బాబు క్లాసు అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, "టీచర్, నేను పొద్దున్నే లేచి ప్రేయర్ చేసిన, వాడు చెయ్యలే. తాతకు నేనంటే ఇష్టం లేదా?" అని అడిగాడు. ఏం చెప్పను? వాళ్ల ఇంట్లో చెప్పని నిజం నేను చెప్పలేను, ఆ పిల్లాడిని ఆ మాటతో ఇంటికి పంపలేను. దగ్గరికి తీసుకుని, నువ్వు మంచి పిల్లాడివి, గిఫ్ట్ ధరకూ మంచితనానికీ లెక్క లేదు అని మాత్రం చెప్పాను. అప్పటి నుంచి ప్రతి తల్లికీ తండ్రికీ చెబుతున్నాను: పెద్ద గిఫ్ట్ మీ పేరు మీద ఇవ్వండి, తాత పేరు మీద చిన్నదే పెట్టండి. పెన్సిల్ బాక్సు, రంగులు, ఒక కేక్ ముక్క. సైకిల్ డాడీ కొన్నాడు అని పిల్ల క్లాసులో చెప్పుకుంటే పక్క పిల్లాడికి ఆశ పుట్టొచ్చు గానీ, నేను చెడ్డవాడినేమో అన్న అనుమానం మాత్రం పుట్టదు.

తెలిసినవాళ్లకు పని ఇవ్వండి

"తమ్మునికి చెప్పకు" అని హెచ్చరించి వదిలేస్తే రెండు రోజుల్లో చెప్పేస్తారు. పని అప్పజెబితే చెప్పరు. మా పెద్దదాని చేతికి 200 రూపాయలు ఇచ్చి, తమ్ముడికి తాత తేవాల్సింది నువ్వే కొను అన్నాను. చౌరస్తాలో మూడు షాపులు తిప్పింది, వాడు నెల కిందట ఎప్పుడో ఒకసారి అడిగిన గోళీల డబ్బా గుర్తుపెట్టుకుని అదే కొంది. తన రాత తమ్ముడు పట్టేస్తాడని ఎడమ చేత్తో ట్యాగ్ రాయడం కూడా తన ఆలోచనే. ఆ ఏడాది పొద్దున్నే వాడికంటే ముందు లేచి, వాడు ఎప్పుడు లేస్తాడా అని మంచం పక్కన కూర్చుంది.

బయటి పిల్లల సంగతి కూడా ముందే చెప్పి ఉంచండి. క్లాసులో ఎవరైనా అడిగితే "మీ మమ్మీని అడుగు" అంటే సరిపోతుంది. ఉన్నాడని అబద్ధం చెప్పనక్కర్లేదు, లేడని వేరేవాళ్ల నమ్మకం తీసేయనక్కర్లేదు. ముస్లిం పిల్లలు, ఇంకా తాత ఆట ఆడని ఇళ్ల పిల్లలు నిజం చెప్పేస్తే వాళ్లను తప్పు పట్టొద్దు, వాళ్లకు ఆ ఆటే తెలియదు.

ఇంట్లో పెద్దవాళ్లకు మీరు చెప్పిన రోజే చెప్పండి. మా అత్తమ్మకు నేను చెప్పడం మర్చిపోయాను, ఆమె మరుసటి వారం "తాత చూస్తున్నడు, జాగ్రత్త" అంటే పాప నా వైపు చూసింది. అత్తమ్మకు విషయం చెబితే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇంకో రెండేళ్లు ఆగితే ఏమయ్యేది అంది. ఆ దిగులు తప్పు కాదు, నాకూ ఉంది. పిల్ల ముందు చూపించకుండా మీరూ మీరూ కూర్చుని మాట్లాడుకోండి.

పాల పన్ను ఊడినప్పుడు మనం పేడలో పెట్టి ఇంటి మీదకు విసిరేవాళ్లం, ఇప్పటి పిల్లలు యూట్యూబ్‌లో చూసి దిండు కింద పెట్టి దేవత రూపాయి ఇస్తుందంటున్నారు. ఆ ఆట మీ ఇంట్లో ఉంటే, తాతతో పాటే అదీ చెప్పేయండి, ఒకటి చెప్పి ఒకటి దాస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

ఇప్పటికే అబద్ధం చెప్పేసి ఉంటే

నాలాగే అయి ఉంటే, సాకులు వెతక్కండి. అందరు తల్లులూ చెప్తరు, నీ మంచికే చెప్పాను, ఇవేవీ పనిచేయలేదు. ఒకరోజు రాత్రి జడ వేస్తూ, "నువ్వు నన్ను సూటిగ అడిగినవు, నేను అబద్ధం చెప్పిన, నీ తప్పేం లేదు, తప్పు నాది, నువ్వు క్లాసుల నా కోసం కొట్లాడినవు, నాకు చాలా బాధనిపించింది" అన్నాను. అది అటు తిరిగే ఉంది, జవాబు చెప్పలేదు. తర్వాత కూడా రెండు మూడు వారాలు "నిజంగనా?" అంటూనే ఉంది, అడిగిన ప్రతిసారీ విసుక్కోకుండా జవాబు చెప్పాను, తెలియనిదానికి తెలియదన్నాను. మెల్లగా ఆ అడగడం తగ్గింది.

ఆ తర్వాతి క్రిస్మస్‌కు దాని గిఫ్ట్ చుడుతుంటే ట్యాగ్ మీద చేయి ఆగింది. అంతకుముందు ఏళ్లలో నా రాత పట్టేస్తుందని షాపులో అమ్మాయితో రాయించేదాన్ని. ఈసారి ఎవరి పేరు రాయాలో తెలియక దాన్నే అడిగాను. కాసేపు ఆలోచించి, "తాత అనే రాయి మమ్మీ. గని నీ రాతతోనే రాయి" అంది.